జేసీబీ పొలంలో దిగే ముందు ఆపరేటర్‌తో ఒక మాట



నాది విజయనగరం జిల్లా. పదిహేడేళ్లుగా బండి మీదే ఉన్నాను. మొదట రోలర్, తర్వాత గ్రేడర్, ఇప్పుడు ఎక్కువగా జేసీబీ. రోడ్ల కింద మట్టిని గట్టిపరచడం నా అసలు పని. ఇంజనీర్లు దాన్నే సాయిల్ స్టెబిలైజేషన్ అంటారు. రోడ్డు పని లేని నెలల్లో ఊళ్లలో పొలాలు చదును చేస్తాను. వీడియోలో ఇనుప ఊచ గుచ్చి చూపించింది నేనే. అక్కడ చెప్పడానికి వీలుపడని మాట ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ప్రకృతి వ్యవసాయం గురించి మన జిల్లాల్లో ఏళ్ల తరబడి రైతులకు చెప్తున్నారు, మహిళా సంఘాల్లో చెప్తున్నారు. మంచిదే. కానీ మీ పొలంలో ఒక్క రోజులో మీరు పదేళ్లలో కదపనంత మట్టిని కదిపేవాడు ఒకడున్నాడు. వాడికి మట్టి గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. వాడే ఆపరేటర్. వాడిని మన లెక్కలోకి తీసుకోనంత కాలం మీరు పోసే జీవామృతంలో సగం వృథా అవుతుందని నా అభిప్రాయం.

రోడ్డు కింద మట్టికి మేం ఏం చేస్తాం

ముందు మా పని ఏమిటో తెలియాలి. రోడ్డుకి మట్టి పరిచేటప్పుడు ఒకేసారి ఎత్తుగా పోయం. ఒక్కో పొర బిగిసిన తర్వాత 20 సెంటీమీటర్లకు మించకుండా పోస్తాం. గ్రేడర్‌తో పరిచి, ట్యాంకర్‌తో నీళ్లు కొట్టి, రోలర్ తిప్పుతాం. మామూలుగా వాడే రోలర్ బరువు 11 టన్నులు ఉంటుంది. బరువు ఒక్కటే కాదు, దాని డ్రమ్ము అదురుతూ తిరుగుతుంది. ఆ అదురుకి మట్టి రేణువులు ఒకదాని సందులో ఒకటి దూరి కూర్చుంటాయి.

ఆ మట్టిని ఎంత వరకు బిగించవచ్చో ల్యాబ్‌లో ముందే కొలుస్తారు. రోడ్డు పొరల కింద ఉండే పై అర మీటరు మట్టిలో కనీసం 97 శాతం, దాని కింద కట్టలో 95 శాతం ఆ బిగువు రావాలి. రాకపోతే ఆ పొర పాస్ కాదు, మళ్లీ గీకి మళ్లీ చేయాల్సిందే.

బలం లేని మట్టి తగిలితే మందు కలుపుతాం. బంక ఎక్కువున్న నల్లమట్టికి సున్నం, ఇసుక పాలు ఎక్కువున్న మట్టికి సిమెంటు. బరువులో నూటికి మూడు నుంచి ఆరు పాళ్లు కలిపితే చాలు, మట్టి స్వభావమే మారిపోతుంది. సున్నం కలిపిన మట్టి పీహెచ్ 12 దాటుతుంది. మన పంటలకు 6 నుంచి 7.5 మధ్య ఉంటే బాగుంటుంది. అంటే అందులో వానపాము కాదు కదా, కంటికి కనబడని జీవి కూడా బతకడం కష్టం. రోడ్డుకి అదే కావాలి. వేరు దిగకూడదు, నీరు ఇంకకూడదు, ఏ పురుగూ బొరియ తవ్వకూడదు. బస్సు కింద మట్టి అలాగే ఉండాలి. అందులో తప్పేమీ లేదు. నా పని మీద నాకు గౌరవం ఉంది.

కానీ అదే పని తెలియకుండా పొలంలో జరిగితే?

వాఫసకు ఎదురు పని

మా ఇంటావిడ సంఘంలో ఉంది. ఊళ్లో ఐసీఆర్పీ పెట్టే మీటింగులకు వెళ్తుంది. బీజామృతం, జీవామృతం, ఆచ్ఛాదన, వాఫస అని నాలుగు మాటలు ఇంటికి తెచ్చింది. మొదటి మూడూ నాకు తొందరగానే అర్థమయ్యాయి. వాఫస అంటే ఏటని అడిగాను. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో గాలి, తేమ రెండూ కలిసి ఉండటం అని చెప్పింది. వేరుకి నీళ్లు కాదు, ఆ చెమ్మ కావాలంట.

అది విన్నాక నాకు వెంటనే తట్టింది ఒకటే. రోలర్ మీద కూర్చుని రోజంతా నేను బయటకు తోసేది సరిగ్గా ఆ గాలినే.

మంచి పొలం మట్టిలో సగం మాత్రమే మట్టి. మిగతా సగం ఖాళీ. ఆ ఖాళీలో కొంత నీరు, కొంత గాలి. మేం బిగించేది మట్టి రేణువుల్ని కాదు, అవి నలగవు. మేం తీసేసేది ఆ ఖాళీని.

ఇంకో సంగతి వినండి. రోలర్ తిప్పడానికి మట్టిలో ఎంత తేమ ఉండాలో ఒక లెక్క ఉంది. సైట్‌లో దాన్ని ఓఎంసీ అంటారు. మరీ పొడిగా ఉంటే రేణువులు జారవు, బిగియదు. మరీ తడిగా ఉంటే సందుల్లో నీళ్లు నిండి అసలు నొక్కుడు పడదు. మధ్యలో ఒక స్థితి ఉంటుంది. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, చేతికి అంటకూడదు, కింద వేస్తే రెండు మూడు ముక్కలు కావాలి. అప్పుడు రోలర్ తిప్పితే తక్కువ పాస్‌ల్లో ఎక్కువ బిగువు వస్తుంది.

రైతులకు ఈ స్థితి బాగా తెలుసు. దానికి మీరు పెట్టుకున్న పేరు పదును. వాన పడ్డాక ఎప్పుడు దుక్కికి దిగాలా అని మీరు కాచుకుని ఉండే తేమ, మేం రోలర్ దించే తేమ దాదాపు ఒకటే. నాగలికి అది మంచి తేమ, ఎందుకంటే నాగలి మట్టిని విప్పుతుంది. ఎనిమిది టన్నుల బండికి అది చెడ్డ తేమ, ఎందుకంటే ఆ తేమలోనే మట్టి అన్నింటికంటే గట్టిగా బిగుస్తుంది. ఎడ్ల జత ఒక టన్ను లోపే ఉంటుంది. వాటి కాలం నాటి "పదును చూసి దిగాలి" అనే మాట పెద్ద బండ్లకు తిరగబడుతుంది. బండికి పదును ఉండకూడదు, పొడి ఉండాలి.

తడి మడిలో కోత మిషన్

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇది ఎక్కువగా దెబ్బ కొట్టేది వరి కోతల్లో. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. ఆ అనుభవంతో మబ్బు పడితే చాలు, తడి ఆరకపోయినా మిషన్ దించేస్తాం. కూలీలు దొరకరు, కుప్ప వేసే రోజులు పోయాయి. రైతుని తప్పు పట్టలేను.

కానీ ఏం జరుగుతుందో చూడండి. మన పల్లపు మడుల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందు మినుమో, పెసరో చల్లడం తాతల నాటి పద్ధతి. ఆ మిగిలిన చెమ్మతోనే అపరాలు చేతికొస్తాయి. ఖర్చు లేని పంట, నేలకు నత్రజని ఇచ్చే పంట. మిషన్ చాళ్లు పడిన చోట మొలక నలిగిపోతుంది. మొలిచినా ఆ చాళ్లలో మొక్క గిడసబారి ఉంటుంది. సంక్రాంతి తర్వాత ఏ గట్టు మీద నిలబడి చూసినా మిషన్ ఎటు తిరిగిందో మినుము చేను రంగే చెప్తుంది.

"వరికి అడుగు గట్టిగా ఉండాలి కదా, లేకపోతే నీరు నిలవదు కదా" అని అడుగుతారు. నిజమే. దమ్ము చేసి చేసి జానెడు లోతున ఏర్పడిన గట్టి పొర వరికి అవసరం. అది మీరు కావాలని కట్టుకున్న పొర. బరువు బండి నొక్కేది ఆ పొరతో ఆగదు, ఇంకా కిందికి పోతుంది. పైన గట్టిపడింది దుక్కితో, వేళ్లతో రెండు మూడేళ్లలో విప్పుకుంటుంది. లోపల గట్టిపడింది ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. వరి తర్వాత మొక్కజొన్న వేసే రైతుకి, గరువు నేలల్లో వేరుశనగ, గోగు వేసే రైతుకి అది నేరుగా నష్టం.

దీనికి మా సైట్ అనుభవం నుంచే ఒక ఉపాయం చెప్తాను. రోలర్ మొదటి పాస్‌ల్లోనే బిగువులో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. తర్వాత ఎన్నిసార్లు తిప్పినా కొద్దికొద్దిగానే పెరుగుతుంది. అందుకని పొలంలో బండి ఎన్నిసార్లు తిరిగిందన్నదానికంటే ఎంత మేర తిరిగిందన్నదే ముఖ్యం. ధాన్యం దించుకోవడానికి ట్రాక్టరు పొలమంతా మిషన్ వెనక తిరగకూడదు. గట్టు వెంట ఒకే దారి ఇవ్వండి. ఆ దారి పోతే పోనీ, మిగతా పొలం దక్కుతుంది.

చదును పనిలో పోయేది పైమట్టి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వేసవిలో మా బండ్లకు పొలాల్లో ఎక్కువ పని చదునే. చిన్న చిన్న మడులు కలిపి ఒకటి చేయడం, మెరక కొట్టి పల్లం కప్పడం. మిషన్ తిరగడానికి పెద్ద మడి కావాలి కాబట్టి ఈ పని ఏటా పెరుగుతోంది.

రైతు వచ్చి చెప్పేది ఇంతే: "బాబూ, ఆ మెరక తోసేసి ఈ పల్లం కప్పేయ్, సాయంత్రానికి తేలిపోవాలి." ఆపరేటర్ చేసేదీ అంతే. మెరక మీద ఉన్న పైమట్టి ముందుగా పల్లంలోకి వెళ్లి అడుగున పడుతుంది. దాని మీద మెరక లోపలి మొరం, సుద్దమట్టి వచ్చి కూర్చుంటాయి. సాయంత్రానికి పొలం అద్దంలా ఉంటుంది. లెవెల్ చూస్తే తప్పు పట్టడానికి ఏమీ ఉండదు. తొలకరికి విత్తనం వేశాక తెలుస్తుంది, మెరక ఉన్న చోట మొక్క పసుపుగా నిలబడిపోతుంది. రైతు ఇంకో బస్తా యూరియా తెస్తాడు. ప్రకృతి వ్యవసాయం చేసేవాడైతే జీవామృతం పనిచేయలేదనుకుని నమ్మకం పోగొట్టుకుంటాడు.

పైమట్టి అంటే ఎంతో లెక్క చూడండి. ఎకరంలో పై అర అడుగు మట్టి 600 ఘనపు మీటర్ల పైమాటే. బరువు సుమారు 800 టన్నులు. పది టైర్ల టిప్పర్‌కి 15 ఘనపు మీటర్ల చొప్పున 40 లోడ్లు. మీ సేంద్రియ పదార్థం, వానపాములు, సూక్ష్మజీవులు చాలా వరకు ఆ అర అడుగులోనే ఉంటాయి. ఎకరానికి ఏడాదికి మీరు వేసే ఘన జీవామృతం కిలోల్లో ఉంటుంది. ఒక్క పూటలో బకెట్ కింద పూడిపోయేది వందల టన్నుల్లో ఉంటుంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి.

రోడ్డు పనికి రాసిన నియమాల్లో పైమట్టికి ఉన్న విలువ పొలం చదునులో లేకపోవడం నాకు బాధగా ఉంటుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో పైమట్టిని 150 మిల్లీమీటర్లకు మించని లోతులో గీకి వేరుగా పెట్టాలని, ఆ కుప్ప ఎత్తు రెండు మీటర్లు దాటకూడదని, గడ్డి పెంచాల్సిన కట్ట వాలుల మీద దాన్ని మళ్లీ పరచాలని ఉంది. రోడ్డు వాలు మీద గడ్డికి ఇచ్చిన మర్యాద మన వరికి, మినుముకి ఇవ్వలేమా?

చేసే పద్ధతి కష్టం కాదు. పొలాన్ని పట్టీలుగా విడగొట్టాలి. మొదటి పట్టీ పైమట్టి గట్టు మీదకి తీయాలి. ఆ పట్టీలో లోపలి మట్టి కొట్టి లెవెల్ చేయాలి. తర్వాత రెండో పట్టీ పైమట్టిని తీసి నేరుగా మొదటి పట్టీ మీద పరచాలి. అలా వెళ్తూ ఆఖరి పట్టీ మీద గట్టు మీదున్న మట్టి వేయాలి. మట్టిని రెండుసార్లు మోయాల్సింది ఆ మొదటి పట్టీది మాత్రమే. మామూలు చదును కంటే కొన్ని గంటలు ఎక్కువ పడుతుంది. ఆ గంటల డబ్బు వద్దనుకుంటే తర్వాత మూడు నాలుగేళ్లు దిగుబడిలో కట్టాలి.

ఆపరేటర్‌నే ఎందుకు పట్టుకోవాలి

"డబ్బిచ్చేది రైతు, బండి ఓనర్‌ది, మధ్యలో ఆపరేటర్ ఏం చేస్తాడు" అని మా వాళ్లే అంటారు. నేను ఒప్పుకోను. గంట లెక్కైతే రైతు తొందరపెడతాడు. గుత్త పనైతే ఓనర్ తొందరపెడతాడు. తొందరపడొద్దని మట్టి తరఫున చెప్పేవాడు ఆ పొలంలో ఒక్కడూ ఉండడు. బకెట్ ఎంత లోతు దిగాలో ఆ క్షణంలో నిర్ణయించేది లివర్ మీద ఉన్న చెయ్యే. రైతు గట్టు మీద ఉంటాడు, ఓనర్ ఫోన్‌లో ఉంటాడు. రంగు మారిందని, పైమట్టి అయిపోయి లోపలి మట్టి వస్తోందని ముందుగా చూసేది ఆపరేటర్ కన్నే.

పైగా వాడు రైతు బిడ్డే. మన రెండు జిల్లాల నుంచి వలస పోయే కుర్రాళ్లలో ఎంతోమంది ఈ బండ్ల మీదే బతుకుతున్నారు. నేల తక్కువై, పంట గిట్టక ఊరు విడిచినవాళ్లే. వాళ్లకి మట్టి మీద ప్రేమ లేదనడం అన్యాయం. వాళ్లకి ఎవరూ చెప్పలేదంతే. నేను కూర్చున్న ట్రైనింగ్ క్లాసులో ఇంజన్ ఆయిల్, గ్రీజు, హైడ్రాలిక్ గొట్టాలు, హెల్మెట్, కరెంటు తీగలకు ఎంత దూరంలో ఉండాలి, అన్నీ చెప్పారు. అవసరమైనవే. బకెట్ కింద ఉన్నదాని గురించి మాత్రం ఒక్క మాట లేదు.

2016లో మొదలైన మన రాష్ట్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి పురస్కారం వచ్చింది. దాన్ని పంచుకున్నవాళ్లలో మట్టి శాస్త్రవేత్త రతన్ లాల్ ఉన్నారు. సంతోషం. ఊరూరా సంఘాలతో అంత పని చేయగలిగిన యంత్రాంగానికి మండలానికి పదుల్లో ఉండే ఆపరేటర్లను ఒక పూట కూర్చోబెట్టడం పెద్ద పనా?

మరి ఏం చేద్దాం

అధికారులకు నా విన్నపం ఒకటే. ఏటా చదును పనులు మొదలయ్యే ముందు, మార్చిలో, రైతు సేవా కేంద్రం దగ్గర ఆ మండలంలోని జేసీబీ, ట్రాక్టరు, కోత మిషన్ ఆపరేటర్లకి, ఓనర్లకి ఒక పూట క్లాసు పెట్టండి. నవధాన్యాలు వేసిన చేనులో ఒక గొయ్యి, బండి తిరిగిన చేనులో ఒక గొయ్యి తవ్వి చూపించండి. రెండో గోతిలో వేరు కిందికి పోలేక పక్కకి తిరిగి ఉండటం చూస్తే చాలు, పాఠం బోర్డు మీద రాయక్కర్లేదు.

రైతులు ఈలోగా చేసుకోగలిగినవి:

వాన పడి నేల నానిన రెండో రోజో, మూడో రోజో ఒక సన్నటి ఇనుప ఊచ తీసుకుని పొలంలో పది చోట్ల గుచ్చండి. ఎక్కడ ఎంత లోతులో ఆగుతోందో రాసుకోండి. అన్ని చోట్లా ఒకే లోతులో ఆగితే కింద గట్టి పొర ఉన్నట్టు. రాయి తగిలితే చప్పుడు వేరుగా ఉంటుంది, తెలిసిపోతుంది.

బండి దించే ముందు పార లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కండి. ముద్ద కడితే ఆ రోజు బండి వద్దు. రాలిపోతే దించండి. రోలర్‌కి సరే అంటే పొలానికి కాదని గుర్తు పెట్టుకోండి.

చెరువు మట్టి తోలుకుంటే నిండు టిప్పర్లను పొలం మధ్యకి రానివ్వకండి. అవి 25 టన్నులు దాటుతాయి. గట్టు పక్కన దించి ట్రాక్టరుతో జల్లించుకోండి.

చదును పని మాట్లాడుకునేటప్పుడే "పైమట్టి వేరు, లోపలి మట్టి వేరు" అని ఒప్పందంలో చెప్పండి. పని అయ్యాక నేల ఖాళీగా ఉంచకండి. మే నెలలోనే నవధాన్యాలు చల్లండి, అందులో జనుము, జీలుగ పాలు ఎక్కువ పెట్టండి. బండి బిగించినదాన్ని మళ్లీ విప్పేది వేరే.

మీ ఊరి పక్క రోడ్డో, మరో నిర్మాణమో వస్తుంటే పైమట్టి ఎక్కడ పెడుతున్నారని గ్రామసభలో అడగండి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు, రాయపూర్–విశాఖ హైవే, ఇలా మన ప్రాంతంలో మట్టి పని తగ్గేది కాదు. భూమికి ఎకరం లెక్కన నష్టపరిహారం ఇస్తారు. ఆ ఎకరం మీద ఉన్న అర అడుగుకి ఎవరూ లెక్క కట్టరు. వాలులకు వాడగా మిగిలినది పక్క పొలాలకి ఇమ్మని అడగడం మన హక్కు కాకపోయినా మన అవసరం.

యంత్రాలు వద్దని నేను అనడం లేదు. అవి లేకపోతే నా ఇంట్లో పొయ్యి వెలగదు, మీ పంట కళ్లానికి రాదు. బండి ఎక్కడ దిగాలి, ఎప్పుడు దిగాలి, ఏ మట్టి పైన ఉండాలి అన్న మూడు ప్రశ్నలు అడగమంటున్నాను. అడిగితే చెప్పడానికి మా దగ్గర జవాబు ఉంది. ఈ వేసవిలో మీ పొలానికి వచ్చే ఆపరేటర్‌కి ముందు మజ్జిగ ఇవ్వండి, పార తెచ్చి ఒక గొయ్యి తవ్వి చూపించండి, ఆ తర్వాతే తాళం తిప్పమనండి.